బెంగళూరు నుంచి ఎంత దూరం, ఎన్ని గంటలు? మీ ప్రశ్నలు – మా జవాబులు

పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దలు టిక్కెట్లు కొనుక్కునే రోజులు కావడం వల్ల ఈ సంచికకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం దూరదేశ విమాన ప్రయాణాల గురించే ఉన్నాయి. ఒకే సందేహాన్ని పలువురు వేర్వేరు మాటల్లో అడిగారు కనుక వాటిని కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మాయి కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉంటోంది. కాన్పుకు రమ్మని అడుగుతోంది. మాది అనంతపురం. ఇప్పుడు బెంగళూరులో మా అబ్బాయి దగ్గర ఉన్నాను, ఇక్కడే విమానం ఎక్కాలి. బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఒకచోట 14 వేల కిలోమీటర్లు అని, మరొకచోట 15 వేలకు పైగా అని ఉంది. ప్రయాణ సమయం ఒకరు 16 గంటలంటే ఇంకొకరు 18 అంటున్నారు, టిక్కెట్లు కొనిపెట్టే ఏజెంటు 22 అంటున్నాడు. ఇందులో ఏది నిజమండీ? — ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: అమ్మా, మీరు విన్నవన్నీ నిజమే కావచ్చు, ఎందుకంటే అవన్నీ ఒకే ప్రశ్నకు జవాబులు కావు.

ముందు దూరం సంగతి చూద్దాం. గోళంపై ఒక చోటి నుంచి మరొక చోటికి ఉండే అతి దగ్గరి దారిని లెక్కిస్తే దేవనహళ్లిలోని కెంపేగౌడ విమానాశ్రయం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయానికి సుమారు 13,990 కిలోమీటర్లు వస్తుంది. ఈ అంకె మారదు, ఏ పుస్తకంలో చూసినా పది ఇరవై కిలోమీటర్ల తేడాతో ఇదే ఉంటుంది. మీ మనవలు బడిలో వాడే గ్లోబు ఇంట్లో ఉంటే ఒక దారం తీసుకుని, ఒక కొసను బెంగళూరు మీద వేలితో అదిమిపట్టి, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో మీదికి తెచ్చి బిగించి లాగండి. దారం ఎక్కువ పొడవుంటే పక్కకు జారిపోతుంది, పూర్తిగా బిగిసినప్పుడే అసలు దారి కనిపిస్తుంది. అది తూర్పుకూ పోదు, పడమరకూ పోదు. బెంగళూరు నుంచి దాదాపు ఉత్తరంగా, కొంచెం తూర్పుకు ఒరిగి, రాయలసీమ మీదుగా, నల్గొండ ప్రాంతం పైనుంచి, నేపాల్, టిబెట్, మంగోలియా పశ్చిమ భాగం దాటి సైబీరియాలోకి వెళ్లి, అక్కడ 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, అలాస్కా మీదుగా పసిఫిక్ తీరం వెంబడి కిందికి దిగుతుంది. గోడకు వేలాడే పటంలో అమెరికా ఎడమ చివర కనిపిస్తుంది కనుక పడమటికే పోవాలని మనం అనుకుంటాం, కాని ఆ పటంలో ధ్రువాల దగ్గరి నేల అంతా అడ్డంగా సాగదీసి ఉంటుంది కాబట్టి అది దూరాలు కొలవడానికి పనికిరాదు.

అయితే విమానం ఈ దారం మీదుగానే పోతుందనుకోవద్దు. హిమాలయాలు, టిబెట్ పీఠభూమి మీదుగా వెళ్లడానికి విమానసంస్థలు ఇష్టపడవు. ఏ కారణం చేతనైనా క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే విమానాన్ని సుమారు 3 కిలోమీటర్ల ఎత్తుకు, అంటే మాస్కులు లేకుండా ఊపిరి తీసుకోగలిగిన ఎత్తుకు, దించాలి. టిబెట్‌లో నేలే సగటున 4,500 మీటర్ల ఎత్తున ఉంటే ఇక ఎక్కడికి దించుతారు? అందువల్ల విమానం పక్కకు తిరిగి వెళుతుంది. దానికి తోడు ఏ దేశం తన గగనతలంలోకి రానిస్తుంది, ఆ రోజు గాలి ఎటు వీస్తోంది అన్నవి కూడా చూసుకుని దారి గీస్తారు. ఇవన్నీ కలిసి విమానం నిజంగా ఎగిరే దూరం 13,990 కంటే ఎప్పుడూ ఎక్కువే అవుతుంది. మీరు రెండోచోట చూసిన 15 వేల అంకె అదే.

ఇక గంటలు. ఈ రెండు నగరాల మధ్య ఎయిర్ ఇండియా ఎక్కడా ఆగని సర్వీసును 2021 జనవరిలో మొదలుపెట్టింది. తొలి విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. కాక్‌పిట్‌లో నలుగురూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలోని ఆ జట్టులో పాపగారి తన్మయి కూడా ఉన్నారు. బోయింగ్ 777-200ఎల్‌ఆర్ రకం విమానంతో నడిపిన ఆ ప్రయాణానికి టైంటేబుల్ ప్రకారం 17 గంటల 45 నిమిషాలు. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లేటప్పుడు పసిఫిక్ మీద గాలి వెనక నుంచి నెడుతుంది కనుక సుమారు 16 గంటలు చాలు. అంటే మీరు విన్న 16, 18 రెండూ ఒకే సర్వీసుకు చెందినవి కావచ్చు, ఒకటి పోవడానికి, మరొకటి రావడానికి. ఏజెంటు చెప్పిన 22 గంటలు దుబాయిలోనో దోహాలోనో విమానం మారి, మధ్యలో కూర్చున్న సమయంతో కలిపి చెప్పిన లెక్క అయి ఉంటుంది. ఎక్కడా ఆగని సర్వీసులు ఏడాది పొడుగునా నడుస్తాయని నమ్మకం పెట్టుకోకూడదు. విమానాల కొరతవల్లనో దారులు మూతపడడంవల్లనో వాటిని తగ్గించడం, ఆపడం జరుగుతూనే ఉంటుంది. కాబట్టి మీరు వెళ్లే తేదీకి ఆ సర్వీసు ఉందో లేదో విమానసంస్థ దగ్గరే అడిగి తెలుసుకోండి.

దూరం ఎక్కువైతే సమయం కూడా ఎక్కువ కావాలన్న నియమం లేదని చెప్పడానికి ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసు మంచి ఉదాహరణ. ఎయిర్ ఇండియా 2016 అక్టోబరులో ఆ విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి తప్పించి పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది, ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. భాగించి చూడండి, గంటకు 1,050 కిలోమీటర్ల పైమాటే. ఈ రకం విమానాలు గాలిలో సాధారణంగా పోయే వేగం గంటకు 900 కిలోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి మిగిలిన 150 కిలోమీటర్లు గాలి పెట్టిన భిక్షే.

మీరు ఊరి నుంచి నేరుగా బయలుదేరాలనుకుంటే ఒక సౌకర్యం ఉంది. అనంతపురం నుంచి పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్లాపురం మీదుగా వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి మీద దేవనహళ్లి బెంగళూరు కంటే ముందే తగులుతుంది. నగరంలోకి దిగి, హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర చిక్కుకుని, మళ్లీ వెనక్కి రావలసిన అవసరం లేదు. అబ్బాయి దగ్గర సామాను సర్దుకోవలసి ఉంటే అది వేరే సంగతి.

ప్రశ్న: మా మనవడు శనివారం రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్కి సోమవారం తెల్లవారుజామున బెంగళూరులో దిగాడు. మధ్యలో ఆదివారం ఏమైపోయింది? టిక్కెట్టు మీద చూస్తే 31 గంటల ప్రయాణం లాగా ఉంది, వాడేమో 18 గంటలు కూడా పట్టలేదంటున్నాడు. — ఒక పాఠకుడు, మత్తికెరె

జవాబు: టిక్కెట్టు మీద ఉండే సమయాలు రెండూ వేర్వేరు గడియారాలవి. బయలుదేరే సమయం ఆ ఊరిది, చేరే సమయం ఈ ఊరిది. పైన చెప్పిన తొలి విమానాన్నే తీసుకుందాం. అది 2021 జనవరి 9, శనివారం రాత్రి 8.30కి బయలుదేరి 11, సోమవారం తెల్లవారుజామున 3.45కి చేరేలా టైంటేబుల్ వేశారు. చలికాలంలో కాలిఫోర్నియా గడియారం మనకంటే పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. అందువల్ల అక్కడ శనివారం రాత్రి 8.30 అయ్యేసరికి బెంగళూరులో ఆదివారం ఉదయం 10 గంటలు. ఆ పది గంటల నుంచి మర్నాడు 3.45 దాకా లెక్కపెడితే 17 గంటల 45 నిమిషాలు వస్తుంది. మీ మనవడి ఆదివారం ఎక్కడికీ పోలేదు, విమానంలోనే గడిచింది, కాకపోతే టిక్కెట్టు మీద కనిపించే 31 గంటల్లో పదమూడున్నర గంటలు రెండు గడియారాల మధ్య తేడాయే.

వెళ్లేటప్పుడు ఇదే తిరగబడుతుంది. మధ్యాహ్నం 2.30కి ఇక్కడ ఎక్కి అదే రోజు సాయంత్రం 5 గంటలకు అక్కడ దిగినట్టు టిక్కెట్టులో ఉంటే రెండున్నర గంటల ప్రయాణమని ఎవరూ సంబరపడరు. అక్కడి 5 గంటలకు పదమూడున్నర కలిపితే మన గడియారంలో మర్నాడు ఉదయం 6.30, అంటే 16 గంటలు. ఏ ఊరికైనా సూత్రం ఇదే: రెండు సమయాలనూ మన సమయంలోకి మార్చుకున్న తరువాతే తీసివేత చేయాలి.

ఒక జాగ్రత్త ఉంది. మన దేశమంతటికీ ఒకే సమయం, కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి పెట్టినది, ఏడాది పొడుగునా మారదు. అమెరికాలో మాత్రం మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. ఆ నెలల్లో శాన్‌ఫ్రాన్సిస్కోతో తేడా పన్నెండున్నర గంటలే. వేళ ప్రకారం మందులు వేసుకునే పెద్దలు చేతి గడియారాన్ని దిగేదాకా మన సమయంలోనే ఉంచుకుని, అక్కడి వేళలకు ఎలా మారాలో ముందుగానే డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోవడం మంచిది.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడి దగ్గరికి వెళ్లాలి. దోహా మీదుగా ఒక టిక్కెట్టు, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా ఒక టిక్కెట్టు దొరుకుతున్నాయి. ఏది చుట్టుదారి? — ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: బెంగళూరు నుంచి డల్లాస్‌కు దారం బిగించి చూస్తే అది ఉత్తర ధ్రువానికి అతి చేరువగా, 84 డిగ్రీల అక్షాంశం దాకా పోతుంది. ఆ లెక్కన దూరం సుమారు 14,860 కిలోమీటర్లు. దోహా మీదుగా అయితే 3,040, తరువాత 12,740, మొత్తం 15,780. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే 7,400, తరువాత 8,260, మొత్తం 15,660. రెండింటికీ మధ్య తేడా నూట ఇరవై కిలోమీటర్లే, అంటే విమానానికి ఎనిమిది నిమిషాల పని. అతి దగ్గరి దారితో పోల్చినా పెరిగేది ఎనిమిది, తొమ్మిది వందల కిలోమీటర్లు, ఒక గంట. కాబట్టి చుట్టుదారి అన్న చింత వదిలేసి రెండు విషయాలు చూడండి.

మొదటిది మధ్యలో ఆగే సమయం. గంటంపావు మాత్రమే ఉంటే మొదటి విమానం కాస్త ఆలస్యమైనా రెండోది తప్పిపోతుంది, ఏడెనిమిది గంటలుంటే కుర్చీలో కునికిపాట్లు తప్పవు. రెండున్నర నుంచి నాలుగు గంటలు ఉన్నది ఎంచుకోండి. రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్ కింద ఉండాలి, అప్పుడే మొదటిది ఆలస్యమైతే ముందుకు చేర్చే బాధ్యత విమానసంస్థది అవుతుంది. రెండోది ప్రయాణాన్ని విడగొట్టిన తీరు. దోహా దారిలో నాలుగు గంటలు, ఆ తరువాత ఏకబిగిన పదహారు గంటల వరకు కూర్చోవాలి. ఫ్రాంక్‌ఫర్ట్ దారిలో రెండు భాగాలూ ఇంచుమించు సమానం. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు వెంట ఉంటే మా ఓటు రెండోదానికే. డల్లాస్ సమయం చలికాలంలో మనకంటే పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు వెనక.

ప్రశ్న: లండన్ వెళ్లడానికి పట్టినంత సేపు తిరిగి రావడానికి పట్టదేమి? దూరం అదే కదా. — ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: చెన్నై నుంచి లండన్‌కు 8,235 కిలోమీటర్లు, బెంగళూరు నుంచి 8,045. ఏ ఊరి నుంచైనా పోయేటప్పటికంటే వచ్చేటప్పుడు దాదాపు గంట తక్కువ పడుతుంది. నేలకు తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలిప్రవాహం సాగుతూ ఉంటుంది, చలికాలంలో మరీ ఉధృతంగా. గోదావరిలో పడవ భద్రాచలం నుంచి రాజమండ్రికి దిగడం వేరు, రాజమండ్రి నుంచి భద్రాచలానికి ఎదురెక్కడం వేరు కదా, ఇదీ అంతే. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల ఊపులో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానమొకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలు రోజుల్లో ఆ ప్రయాణానికి ఆరు గంటలకు పైగా కావాలి.

తూర్పున ఉన్న సిడ్నీకి ఇది తిరగబడుతుంది. బెంగళూరు నుంచి ఆస్ట్రేలియా విమానసంస్థ క్వాంటాస్ 2022 సెప్టెంబరులో మొదలుపెట్టిన సర్వీసులో 9,350 కిలోమీటర్ల దూరాన్ని వెళ్లేటప్పుడే త్వరగా దాటుతారు, తిరుగు ప్రయాణం నెమ్మది.

ఇంకొక మాట. టైంటేబుల్‌లో రాసే గంటలు గాలిలో ఉన్నంత సేపే కాదు, గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా. లండన్ విమానాశ్రయం హీత్రోలో దిగే వంతు కోసం ఆకాశంలో చక్కర్లు కొట్టే సమయానికి కూడా విమానసంస్థలు ముందే చోటు వదిలిపెడతాయి. అందుకే ఒక్కోసారి అరగంట ఆలస్యంగా బయలుదేరిన విమానం కూడా వేళకే చేరుతుంది.

ప్రశ్న: భూమి తిరుగుతోంది కదా. విమానం గాలిలో ఒకేచోట ఆగి ఉంటే అమెరికా దానంతటదే కిందికి రాదా? — తొమ్మిదో తరగతి విద్యార్థి, టి.నగర్, చెన్నై

జవాబు: రాదు. మీ ఊరి నేల గంటకు సుమారు 1,630 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతున్న మాట నిజమే, కాని దాని మీది గాలి కూడా దానితోపాటే తిరుగుతోంది, ఆ గాలిలోని విమానమూ అంతే. అలా కాకపోతే మెరీనాలో నిలబడినవాళ్లందరికీ గంటకు 1,630 కిలోమీటర్ల ఎదురుగాలి కొట్టాలి. దూరాల మీద నీకు ఇంత ఆసక్తి ఉంది కనుక మరొక సంగతి: మన దేశపు దూరాలను శాస్త్రీయంగా కొలిచిన మహాసర్వే 1802 ఏప్రిల్ 10న మీ ఊరిలోనే మొదలైంది. ఆ సర్వేను నడిపిన ఆంగ్లేయ అధికారి విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సుమారు 12 కిలోమీటర్ల గీతను గొలుసుతో కొలిపించి, దాని ఆధారంగా త్రిభుజాల మీద త్రిభుజాలు కట్టుకుంటూ పోయాడు. ఆ కొండ పక్కనే ఇప్పుడు మీనంబాక్కం విమానాశ్రయం ఉంది.

ప్రశ్న: నిరుడు మూడు గంటలు తక్కువ పట్టిన దారికే ఈసారి ఎక్కువ చూపిస్తున్నారు, మధ్యలో ఎక్కడో ఆగుతుందని కూడా అంటున్నారు. ఎందుకిలా? — ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: ఆకాశంలో దారులు మూతపడడం వల్ల. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, ఐరోపా సంస్థల విమానాలకు రష్యా గగనతలం మూసుకుపోయింది, మన సంస్థలకు తెరిచే ఉంది. 2025 ఏప్రిల్ చివరలో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసింది. ఢిల్లీ వంటి ఉత్తరాది నగరాల నుంచి పడమటికి పోయే విమానాలకు ఈ దెబ్బ గట్టిగా తగిలింది. చుట్టుదారికి ఇంధనం చాలక కొన్నింటిని మధ్యలో ఆపి నింపుకోవలసి వచ్చింది. బెంగళూరు, చెన్నైల నుంచి బయలుదేరేవి అరేబియా సముద్రం మీదుగా పడమటికి మళ్లగలవు కనుక మనకు ఆ బాధ కొంత తక్కువ.

తెరిచి ఉన్న దారిలోనూ చిక్కులు ఉంటాయి. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళుతున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజన్‌లో లోపం వల్ల రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. ప్రయాణికులను ముందుకు తీసుకుపోవడానికి వేరే విమానాన్ని పంపవలసి వచ్చింది. రెండు ఇంజన్ల విమానం దారి గీసేటప్పుడు ఒక ఇంజన్ ఆగిపోయినా నిర్ణీత సమయంలో చేరగల విమానాశ్రయం దారి పొడుగునా అందుబాటులో ఉండాలన్న నిబంధన ఉంది. ధ్రువం దగ్గరి దారుల్లో అయితే ఇంధనం గడ్డకట్టకుండా చూసుకోవాలి. విమానాల్లో వాడే ఇంధనంలో ఒక రకం మైనస్ 40, మరొకటి మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. బయటి చలికి ట్యాంకులోని ఇంధనం దాదాపు అంతగా చల్లబడే పరిస్థితి వచ్చినప్పుడు పైలట్లు ఎత్తు తగ్గించడమో దారి మార్చడమో చేస్తారు. అదీ గంటల లెక్కలోకే వస్తుంది.

ప్రశ్న: ప్రపంచంలో అన్నిటికంటే దూరం పోయే విమానం ఏది? అలాంటిది బెంగళూరు నుంచి డల్లాస్‌కు ఎందుకు వేయరు? — ఒక పాఠకుడు, ఉల్సూరు

జవాబు: ఆగకుండా నడిచే సర్వీసుల్లో సింగపూర్–న్యూయార్క్ విమానానికి ఆ పేరుంది. దూరం సుమారు 15,350 కిలోమీటర్లు, సమయం 18 గంటల పైమాటే. దానికోసం ప్రత్యేకంగా తయారు చేయించిన ఎయిర్‌బస్ ఎ350 విమానాల్లో సీట్లు బాగా తగ్గించారు, మామూలు ఎకానమీ తరగతి అసలు లేదు. బెంగళూరు–డల్లాస్ దూరం అంతకంటే తక్కువే కనుక యంత్రం విషయంలో అడ్డేమీ లేదు. అయితే అంత ఇంధనం మోస్తూ, తక్కువ సీట్లతో ఎగిరే విమానానికి టిక్కెట్టు ధర ఎక్కువ పెట్టక తప్పదు. పండగలకూ కాన్పులకూ వెళ్లే మన కుటుంబాలు దోహాలో మూడు గంటలు కూర్చుని ఆ డబ్బు మిగుల్చుకోవడానికే మొగ్గుచూపుతాయని విమానసంస్థలకు తెలుసు.